పొయ్యి మీది అటక

గోపి, పావని వనపర్తి బస్టాండులో దిగి, పాన్‌గల్ దిక్కు పోయే ఆటోలో ఇరుక్కుని కూర్చున్న చోట పోయిన వారం వాళ్లను వదిలిపెట్టాం. పిల్లను గద్వాలలో పావని తల్లి దగ్గర ఉంచి వచ్చారు. ఆ గద్వాలలోనే ఒక పిండి గిర్ని అమ్మకానికి ఉంది. అది దొరికితే ఇక బెంగుళూరు పోయే పని లేదు, ఏటా పిల్లను సగంలో బడి మాన్పించే పని లేదు. గిర్ని కొనడానికి కావలసిందంతా ఒక చిన్న కాగితం మీద ఉంది. ఆ కాగితం సావిత్రమ్మ దగ్గర ఉంది.

సావిత్రమ్మ గోపికి పెద్దమ్మ, తండ్రి అన్న భార్య. మొగుడు మాసయ్య పోయినప్పటి నుంచి ఒక్కతే ఉంటుంది. చుట్టుపక్కల నాలుగూళ్లలో ఆమెను ఎరగని ఇల్లు లేదు. దీపావళి దాటగానే కూలిపనుల వలసతో ఆ పల్లెలు ఒక్కొక్కటే ఖాళీ అవుతాయి. పోయేవాళ్లు పోతూ పోతూ ఇంటి తాళంచెవి, పాసుబుక్కు, పిల్లల వెండి కడియాలు ఒక గుడ్డలో మూటగట్టి సావిత్రమ్మ చేతిలో పెట్టి బండి ఎక్కుతారు. ఆమె మూటలో ఏముందని అడగదు. విప్పి చూడదు. పేరు రాయదు. పేరు రాస్తే దొంగకు దారి చూపినట్టే అంటుంది. ఎవరి మూట ముడి వాళ్లే వేయాలి, తిరిగొచ్చి వాళ్లే విప్పాలి. ముడిని బట్టి ఏ ఇంటిదో ఆమె చేతివేళ్లకు తెలుస్తుంది.

మునుపు ఆ మూటలు మంచం కింద ఇనుప పెట్టెలో ఉండేవి. అప్పుడు మొగుడూ పెళ్లామూ అలంపూర్ దగ్గర ఆమె పుట్టిన ఊళ్లో ఉండేవాళ్లు. రెండువేల తొమ్మిదిలో తుంగభద్ర ఊరి మీదికి వచ్చినప్పుడు పెట్టె పెట్టెలాగే కొట్టుకుపోయింది. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. ఇళ్లే పోయినవాళ్లు మూటల కోసం ఏం అడుగుతారు? కానీ ఆమె మాత్రం కిందపెట్టిన వస్తువును మళ్లీ నమ్మలేదు. మాసయ్య ఊరికి వచ్చాక అన్నీ పొయ్యి మీది అటక ఎక్కించింది. నీళ్లు అంత ఎత్తు ఎక్కవు. పొగకు పురుగు రాదు. వేపనూనె పట్టించిన గుడ్డలో చుడితే చెదలు ముట్టదు. అటక మీద పెట్టిన సొర విత్తనం మూడేళ్ల తర్వాత కూడా మొలకెత్తేది. విత్తనం బతికే చోట ఏదైనా బతుకుతుందని ఆమె నమ్మకం.

ఆ పొద్దున ఆమెకు మోకాళ్లు ఒక పట్టాన లేవలేదు. గోడకు చేరగిలబడి, పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ కూర్చుంది.

"సావిత్రక్కా, లేచినవా?" పక్కింటి రుక్కమ్మ గడప దాటి వచ్చింది. చేతిలో పచ్చగుడ్డ మూట. "రేపు పొద్దుగాల బండి. గిది నీ దగ్గర పెట్టుకో."

"పెట్టుకుంట. నా దగ్గర కాకుంటే ఎవల దగ్గర పెడ్తవ్? కూసో. అటక ఎక్కాలంటే మోకాళ్లను బతిమిలాడుకోవాలె."

"ఇంకా ఎన్నేండ్లు ఎక్కుతవక్కా?"

"మీరు పోయినన్నేండ్లు."

రుక్కమ్మ నవ్వింది. సావిత్రమ్మ నవ్వలేదు. నిజంగానే ఆమెకు ఆ మూటలంటే విసుగొచ్చేసింది. రాత్రిపూట ఎలుక చప్పుడైతే అందరూ నిద్రపోతారు, తను లేచి కూర్చోవాలి. చుట్టం చావుకు పోయినా పొద్దుగూకే లోపల ఇల్లు చేరాలి. ఊరంతా తాళాలు వేసుకుని పోతుంది, ఆ తాళాలన్నిటికీ ఆమె ఒక్కతే కట్టుబడి ఉంది.

వాకిట్లో ఆటో ఆగిన చప్పుడైంది.

"పెద్దమ్మా, బాగున్నవా?" గోపి చెప్పులు విడుస్తూ అడిగాడు.

"ఉన్న బిడ్డా. కనబడుతున్న గద, పోలే."

"సన్నగయినవత్తా," అంది పావని.

"సన్నగయితే అటక ఎక్కనీకె అల్కగ ఉంటది. కూసోండ్రి. పిల్ల ఏది?"

"మా అమ్మ దగ్గరుంది. సాయంత్రంకల్ల గద్వాల పోవాలె. గిర్ని ఆయన ఇయ్యాల ఏదో ఒకటి చెప్పమన్నడు."

చాయ్ గ్లాసులు చేతికొచ్చాక గోపి జేబులోంచి ఆ వస్తువు తీసి చాప మీద పెట్టాడు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, నల్లగా నున్నగా ఉంది. ముందర చిన్న అద్దం, పక్కన రెండు మీటలు.

"గిదేంది, సున్నం డబ్బినా?" రుక్కమ్మ ముందుకు వంగింది.

"హార్డ్‌వేర్ వాలెట్ అంటరు సిన్నమ్మా. నెట్ల ఉన్న పైసలకు తాళం లెక్క."

"ఏం వాలెట్టో. మూత ఏది మరి?"

గోపి పెద్దమ్మ వైపు తిరిగాడు. "కాగితం నీకిచ్చిన నాడు చెప్పిన గద పెద్దమ్మా. పైసలు కాగితంల ఉండవ్, నెట్ల ఉంటయ్. నీ దగ్గరున్నది తాళంచెవి."

"యాదికుంది. ఇల్లు ఏడున్నదో తెల్వకపోయినా చెవి దాచిపెట్టుడు నాకు కొత్తనా?"

గోపి బెంగుళూరులో కరెంటు పని చేస్తూ నెల నెలా కొంత బిట్‌కాయిన్‌లో వేసేవాడు. మొదట అంతా ఒక యాప్‌లోనే ఉండేది. ఒక పొద్దున ఆ యాప్ తెరుచుకోలేదు, ఆ కంపెనీ మళ్లీ కనబడలేదు. సగం పోయింది. అదృష్టం కొద్దీ అంతకు ముందే బయటికి తీసుకున్న సగం మిగిలింది. అప్పటి నుంచి ఏ కంపెనీ చేతిలోనూ పెట్టనని, తాళం తనవాళ్ల దగ్గరే ఉండాలని పట్టుబట్టాడు. వనపర్తిలో ఆ తాళాన్ని కాగితం మీద అచ్చు వేయించి, బెంగుళూరు బస్సెక్కే ముందు పరుగున వచ్చి పెద్దమ్మకు ఇచ్చిపోయాడు. అది రెండేళ్ల కిందటి మాట.

"ఇప్పుడు కాగితంల ఉన్నది తీసి దీన్లకు మార్చుకుంట," అన్నాడు.

"కాగితానికి ఏమైంది?"

"ఏం కాలే. కాగితమైతే చిరుగుతది, తడుస్తది. ఎవడన్న ఒక్కసారి చూసి ఫోన్ల ఫొటో కొట్టుకుంటే అయిపాయె. ఇది అట్ల కాదు. నంబర్ కొట్టందే తెరుచుకోదు. అదేపనిగ తప్పు కొడ్తే లోపలున్నదంత అదే తుడిచేసుకుంటది."

"మా ఆయన తాగొచ్చి తలుపు అదేపనిగ కొడ్తే నేను గూడ గట్లనే," అంది రుక్కమ్మ. "తీయనే తీయ."

పావని ఫక్కున నవ్వింది. సావిత్రమ్మ ఆ నల్లటి వస్తువును అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. బరువే లేదు.

"గిది కింద పడి పలిగితే?"

"ఇంకోటి కొంట. మొదలు పెట్టేటప్పుడు ఇది ఇరవై నాలుగు మాటలు ఇస్తది. అవి రాసి పెట్టుకుంటే కొత్తదాంట్ల గూడ అన్నీ మళ్ల వస్తయ్."

"ఆ మాటలు దేని మీద రాస్తవ్?"

గోపి చాయ్ గ్లాసు దించాడు. "కాగితం మీద."

"మళ్ల కాగితమే గదరా!"

"నేను అదే మొత్తుకుంటున్న అత్తా," పావని అందుకుంది. "కాగితమే నయం, అత్త దగ్గర ఉన్నదే నయం, ఆమె అటక కంటె పెద్ద బ్యాంకు లేదు అంటే వినడు. యాడాది సంది ఊకె ఆ డబ్బి, ఆ డబ్బి. కొనేదాంక నిద్రపోలే."

"సరే సరే," గోపి చేతులెత్తేశాడు. "రెండూ ఉంచుకుందాం. ముందు కాగితం తియ్యనీ."

సావిత్రమ్మ గోడ పట్టుకుని లేచింది. స్టూలు జరుపుకుని ఎక్కింది. అటక మీద మసిబట్టిన చీకట్లో మక్క కంకులు, సొరకాయ బుర్ర, వాటి వెనక వరసగా మూటలు. వేళ్లతో తడిమింది. రెండు చుట్లు తిప్పి కొస లోపలికి దోపిన ముడి గోపిది. ఆ ముడి వాడికి మాసయ్యే నేర్పాడు. తీసి ఇచ్చింది.

గోపి చాప మీద కూర్చుని తానే విప్పాడు. వేపనూనె చేదు వాసన గుప్పుమంది. గుడ్డలో మూతి అంటించని ప్లాస్టిక్ కవరు. కవరులో మడిచిన కాగితం, జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు. దాన్ని మెల్లగా తెరిచాడు.

చిరగలేదు. తడవలేదు. ఏ పురుగూ ఒక్క మూల కొరకలేదు. మడత ఎట్లా పెట్టాడో అట్లాగే ఉంది. దాని మీద ఏమీ లేదు.

గోపి తిరగేసి చూశాడు. వాకిలి దగ్గరికి పోయి ఎండకు పట్టి చూశాడు. మళ్లీ వచ్చి గుడ్డ దులిపాడు, కవరు లోపల వేలు పెట్టి తిప్పాడు.

"ఇది కాదు పెద్దమ్మా. వేరేది ఉండాలె."

"మూటల ఏం పెట్టినవో అదే ఉంటది బిడ్డా. నువ్వే కట్టినవ్, నువ్వే విప్పినవ్."

పావని ఆ కాగితాన్ని లాక్కుంది.

"మా కాగితం మీద గళ్లగళ్ల బొమ్మ ఉండె. దాని కింద ఇంగ్లీషు అక్షరాలు, నంబర్లు కలిసి పొడుగ్గ ఉండె. నా కండ్లతోటి నేను చూసిన. అక్షరాలు యాడికి పోతయత్తా? కాళ్లొచ్చి నడిచిపోతయా?"

"నాకేం తెలుసు బిడ్డా?"

"నీకు కాక ఎవలికి తెలుస్తది? మూట నీ దగ్గరుండె, ఇల్లు నీది, అటక నీది. ఎవలన్న అడిగిన్రా? ఎవలికన్న చూపినవా? నెట్ల మస్తు ఉన్నయని ఎవడన్న చెప్పిండా? అసలుది తీసుకుని ఉత్త కాగితం పెట్టిపోయిండా?"

"పావనీ, ఊకో," అన్నాడు గోపి.

"ఎందుకు ఊకోవాలె? ఎండల పిల్లను సిమెంటు బస్తా మీద పండబెట్టి పని చేసిన. అవన్నీ గా కాగితంల ఉండె." సావిత్రమ్మ వైపు తిరిగింది. "నువ్వు సదువు రానిదానివైతే నమ్ముదు. నువ్వు సదువు నేర్చినవ్ గద. ఇప్పుడు నీకు అన్నీ తెలుస్తయ్."

ఆ మాటకు రుక్కమ్మ తల దించుకుంది. సావిత్రమ్మ మాత్రం గోపి వైపే చూస్తోంది. వాడు ఏమంటాడో అని.

"నువ్వు తీసినవని నేను అంటలే పెద్దమ్మా," అన్నాడు గోపి చివరికి. "కానీ..."

"ఆ కానీ కాడికే ఆగు బిడ్డా. ముందుకు పోకు."

రుక్కమ్మ మెల్లగా లేచింది. పచ్చగుడ్డ మూట ఒడిలోకి తీసుకుంది.

"అక్కా, నేను... మా అన్న అడుగుతుండె. మూట ఆయన దగ్గర పెట్టమని. ఏమనుకోకు."

"తీస్కపో సెల్లె. నీ మూట, నీ ఇష్టం."

రుక్కమ్మ వాకిట్లోకి పోయింది గాని గేటు దాటలేదు. అక్కడే నిలబడింది.

ఇంత తేలికా, అనుకుంది సావిత్రమ్మ. ఒక్కొక్కరూ వచ్చి మూటలు తీసుకుపోతే రేపటి నుంచి ఎలుక చప్పుడుకు లేవనవసరం లేదు. కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. ఎన్నాళ్ల నుంచి కోరుకున్నది ఇదే కదా. కానీ దొంగ అనిపించుకుని తీసుకునే విశ్రాంతి ఆమెకు వద్దు. అలసట అలసటే, పేరు పేరే.

మళ్లీ స్టూలు దగ్గరికి నడిచింది.

"ఏం చేస్తున్నవ్?" గోపి లేచాడు.

"నా అటక మీద అక్షరం పోదు. చూపిస్త."

ఆఖరి మూల, అన్ని మూటల వెనక, ఆమెది ఒకటి ఉంది. మాసయ్య పోయాక కట్టింది. అదే వేపనూనె గుడ్డ, అదే పొగ. మళ్లీ ఎన్నడూ విప్పలేదు. దాంట్లో ఆయన కళ్లద్దాలు, బీడీల డబ్బా, ఒక బస్సు టికెట్టు ఉన్నాయి.

ఆ టికెట్టు సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. సావిత్రమ్మ సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న రోజులవి. చెయ్యి కొడవలి పట్టినట్టు పలక పట్టేది, ఒత్తులు వచ్చినచోట ఆగిపోయేది. మాసయ్య నాగర్‌కర్నూల్ దవాఖానకు కళ్లు చూపించుకోవడానికి పోయి వచ్చాడు. వస్తూనే అంగీ జేబులోంచి టికెట్టు తీసి ఆమె ముందు పెట్టి, "ఏమే పంతులమ్మా, నేను యాడికి పోయొచ్చిన్నో జర సదివి చెప్పు" అన్నాడు. ఆమె కూడబలుక్కుంటూ చదివింది. బడిలో కాకుండా బయట ఆమె చదివిన మొదటి మాట అది. మాసయ్య నవ్వి నవ్వి దగ్గాడు. ఆ దగ్గే ఆయన్ని తీసుకుపోయింది, ఆ నెలలోనే. దాని తర్వాత ఆయన బస్సు ఎక్కలేదు.

చాప మీద కూర్చుని ముడి విప్పింది. కళ్లద్దాలు పక్కన పెట్టింది. టికెట్టు మడత తెరిచి పావని ముందుకు చాపింది. "చూడు. మీ దాని కంటె పాతది. ఇదే పొగ, ఇదే నూనె."

చెప్పాక తనూ చూసింది.

టికెట్టు మీద ఏమీ లేదు.

సావిత్రమ్మ దాన్ని ముఖం దగ్గరికి తెచ్చుకుంది. దూరంగా పట్టుకుంది. మాసయ్య కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. ఊరి పేరు లేదు, తారీఖు లేదు, బస్సు నంబరు లేదు. ఉత్త పసుపురంగు తెలుపు. ఆమె ఏడవలేదు. నోరు కొంచెం తెరుచుకుని అట్లాగే ఉండిపోయింది, ఇంటికి వచ్చి చూస్తే గోడలు లేని మనిషిలాగా.

పావని ఆ టికెట్టును ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకుంది. గోటితో ఒక మూల గీరింది. గీరిన చోట బూడిదరంగు గీత పడింది. తమ కాగితం మీద గీరింది. అట్లాంటిదే గీత.

"ఇది బిల్లు కాగితం," అంది. గోపి వైపు చూసింది. "నిన్నే అడుగుతున్న. దేని మీద అచ్చేయించినవ్?"

గోపి తల గోక్కున్నాడు. "ఆ షాపుల పెద్ద మిషన్ల ఇంకు అయిపోయింది. బస్సు టైమయింది. బిల్లు కొట్టే చిన్న మిషనుంటే దాంట్ల తీయమన్న. కాగితం కాగితమే గద అనుకున్న."

"ఓ యేసయ్యా!" పావని నెత్తి కొట్టుకుంది. "బెంగుళూరుల సూపర్ మార్కెట్ కౌంటర్ల నేను యాడాది కూసోలేదా? గా కాగితానికి ఇంకే ఉండదు. వేడి తగిలి అక్షరాలు లేస్తయ్. ఎండల పెడ్తే పోతయ్, ప్లాస్టిక్ కవర్ల పెడ్తే పోతయ్. నూనె తగిల్తే..."

సావిత్రమ్మ చాప మీది వేపనూనె గుడ్డను చూసింది. పాత చీర చింపి, తన చేతులతో నూనె రాసి, ఎండబెట్టి చేసిన గుడ్డ.

"ఇంకోటి తీసి పెట్టుకోవాలె గద," పావని మొగుడి మీద మళ్లీ లేచింది. "ఒక్కటే ఎందుకు తీసినవ్?"

"వాడు రెండోది తీస్త అనే అన్నడు," సావిత్రమ్మ అంది. "వద్దని నేనే అన్న. ఒక్క తాళానికి రెండు చెవులుంటే రెండిండ్లకు భయం అని చెప్పిన. అందరికీ గదే చెప్త."

పావని కొంగు కొస వేలికి చుట్టుకుంటోంది.

"అత్తా, నేను అన్న మాటలు..."

"ఎనక ఏడుద్దువు. ముందు చెప్పు. పోయిన అక్షరం మళ్ల వస్తదా?"

పావని తలెత్తింది. "వచ్చినా రావచ్చు. మిక్సీ పాడైందని పాత బిల్లు పట్టుకొని వచ్చేటోళ్లు, గిట్లనే తెల్లగుండేది. మా సూపర్‌వైజర్ జుట్టు ఆరబెట్టుకునే మిషను దాని ఎనక దిక్కు పట్టేటోడు. కాగితమంత బూడిదరంగు అయితది, మునుపు అక్షరాలున్న కాడ తెల్లగ ఆగుతది. కొన్ని వచ్చేటివి. కొన్నిటికి జర వేడి ఎక్కువైతే మొత్తం నల్లగయ్యేది. అయితే ఇగ అంతే."

"మళ్ల తెల్లగ చేయొచ్చా?"

"చేయరాదు."

"ఇంకెవడన్న తెరుస్తడా ఆ తాళం? ఏదన్న ఆఫీసు?"

"ఏ ఆఫీసూ లేదు పెద్దమ్మా," అన్నాడు గోపి. "చెవి పోతే ఇల్లు పోయినట్టే. ఒక్క అక్షరం తప్పినా తెరుచుకోదు."

సావిత్రమ్మ లేచి పొయ్యి మీద నీళ్లు పెట్టింది. గూట్లోంచి మాసయ్య ఇత్తడి చెంబు దించింది. పెళ్లిళ్లకు పోయేటప్పుడు ఆయన ఆ చెంబులో నిప్పులు వేసి అంగీకి ఇస్త్రీ చేసుకునేవాడు. "నిప్పులైతే ఎక్కువైతది. మసిలే నీళ్లు పోద్దాం," అంది. "ముందు దీని మీద చూద్దాం."

ఆమె చూపిస్తున్నది టికెట్టు.

"పెద్దమ్మా, అది పెదనాయనది. వద్దు."

"తెల్ల కాగితం ఆయనది ఎట్లయితది? మీ దాని మీద నేర్చుకుందామా? పట్టు, ఆ తువ్వాల పరువు."

పావని టికెట్టును బోర్లా పరిచింది. సావిత్రమ్మ చెంబు అడుగు తుడిచి, రెండు చేతులా కొంగుతో పట్టుకుని, కాగితం మీద ఆనించి ఎత్తింది. తిరగేశారు. ఏమీ లేదు. మళ్లీ ఆనించింది, ఈసారి కొంచెం నిలిపి. తిరగేశారు.

కాగితం మీద మబ్బు కమ్ముతోంది. అంచుల నుంచి బూడిదరంగు లోపలికి పాకింది. మధ్యలో తెల్లగా ఏవో నిలిచాయి. సావిత్రమ్మ వంగింది. "నా..." అంది. "నా... గ... ర్..." కూడబలుక్కోవడం అప్పటిలాగే ఉంది, ఎదుట మాసయ్య కూర్చుని నవ్వుతున్నట్టే ఉంది. ఆ పక్కది కనబడటం లేదు. తారీఖు కనబడటం లేదు. "ఇంకొక్కసారి," అని గబగబా బోర్లా వేసి చెంబు ఆనించింది.

"అత్తా, చాలు!"

తిరగేసేసరికి టికెట్టు పెనం అడుగంత నల్లగా ఉంది. మూల నుంచి మూలకు ఒకటే నలుపు.

సావిత్రమ్మ ఆ నల్ల ముక్కను మడిచి, చిన్నగా, ఇంకా చిన్నగా మడిచి రొండిన దోపుకుంది.

"తెలిసింది గద," అంది. "రెండోసారికి వస్తది. మూడోసారికి పోతది. నీళ్లు మళ్ల మసలనియ్. గోపీ, నువ్వు పట్టు."

గోపి చెంబు పట్టుకున్నాడు. మసిలే నీళ్లు అంచు మీంచి తొణికి చాప మీద పడ్డాయి. పావని అతని చేతిలోంచి చెంబు తీసి సావిత్రమ్మ ముందు పెట్టింది.

"నువ్వే పట్టత్తా."

"నేనా? ఇప్పుడే గద నల్లగ చేసిన."

"అందుకే. నీకు తెలుసు యాడ ఆపాల్నో." పావని సంచిలో వెతికి పిల్ల పెన్సిలు ముక్క తీసింది. "ఫొటో వద్దు. నేను రాస్త. ఆయన సదువుతడు."

వాకిట్లోంచి గాలి వచ్చి కాగితం అంచు లేచింది. ఎవరో తలుపు దగ్గరగా వేశారు. చూస్తే రుక్కమ్మ. పచ్చగుడ్డ మూట ఒడిలో పెట్టుకుని, తలుపుకు వీపు ఆనించి లోపలి దిక్కు కూర్చుంది.

చెంబు ఒకసారి ఆనింది, లేచింది. రెండోసారి ఆనింది, కొంచెం నిలిచింది, లేచింది. పావని కాగితం తిరగేసింది.

మబ్బు కమ్మింది. దాంట్లోంచి గళ్ల బొమ్మ సగం సగం, చెదపట్టిన చాపలాగా పైకి వచ్చింది. దాని కింద అక్షరాలు, ఒకదాని పక్కన ఒకటి, పాలిపోయిన తెలుపులో. గోపి ఒక్కొక్కటే చదివాడు. పావని పెన్సిలు నొక్కి నొక్కి రాసింది. పెద్దక్షరమా చిన్నక్షరమా అని ప్రతిదానికీ అడిగింది. మొదటి వరుస అయింది. రెండో వరుస సగం అయింది. గోపి చదవడం ఆపేశాడు.

"ఏమైంది?"

"మడత."

కాగితం మడత పడిన చోట వేపనూనె ఇంకి, వేలెడు మేర మచ్చ కట్టింది. అక్కడికి మబ్బు రాలేదు. మచ్చకు అటువైపు మళ్లీ అక్షరాలున్నాయి, వాటినీ రాసుకున్నారు. మధ్యలో మాత్రం ఖాళీ. అక్కడ నాలుగున్నాయో ఐదున్నాయో కూడా తెలియడం లేదు.

"మిగిలినయ్ రాసుకున్నం," పావని గుసగుసగా అంది. "ఇగ కాగితమంత నల్లగయినా ఫరవాలే. ఆ మచ్చ కాడున్నయ్ వస్తే చాలు."

"అది గూడ నల్లగయితే?" గోపి అన్నాడు.

ముగ్గురూ సావిత్రమ్మ వైపు చూశారు. ఆమె చెంబు అడుగును మణికట్టుకు తాకించి చూసుకుంది. వేడి తగ్గుతోంది. మళ్లీ నీళ్లు మసలబెడితే ఎక్కువవుతుందేమో, ఈ వేడి చాలదేమో. మోకాలు సలుపుతోంది. రొండిన నల్ల ముక్క గుచ్చుకుంటోంది. నూనె రాసింది తనే, ఆ చెయ్యే ఇది.

"రుక్కీ, ఆ తలుపు గట్టిగ పట్టు," అంది.

తర్వాత కొంగు సవరించుకుని, చెంబు అడుగు అంచును సరిగ్గా ఆ మచ్చ వెనక ఆనించింది. మూడోసారి.